పీపాపై ఎఱ్ఱని అంచు

గోదావరి తీరమునుండియు కరీంనగరు, కడప సీమలనుండియు బ్రతుకుతెరువుకై ఒమాను చేరి, గోదాములలో రసాయనపు పీపాల నెత్తు మన సోదరులు మొదట గుర్తింపవలసినది, వానిపై ఎఱ్ఱని అంచుతో కొనపై నిలిచిన చతురస్రమును: అందు జ్వాల యున్నచో మండు వస్తువు, పుఱ్ఱె యున్నచో ప్రాణాంతక విషము. అరబ్బీ రానివానికిని ఈ బొమ్మలు తెలియును.

ఆ దేశమున జూను మొదలు ఆగస్టు వఱకు మధ్యాహ్నము 12.30 నుండి 3.30 దాక ఆరుబయటి పని నిషిద్ధము. మనుష్యునికి ఆ విరామము కలదు గాని, రేకుల కప్పు క్రింది పీపాకు లేదు. వేడి యెంతటి శత్రువో మనము మఱవరాదు: 2020 మే 7వ తేదీ వేకువను విశాఖపట్టణమున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టెలో ఉష్ణము పెరిగి, స్టైరీను అను రసాయనము ఆవిరియై నిద్రించు పల్లెపై వ్యాపించి 12 మందిని బలిగొన్నది. ఆనాడు సైరను మ్రోగలేదు! నిలువ చేయు తీరును అంతే ముఖ్యము: ఆ యేడే ఆగస్టు 4న బేరూతు రేవు గోదాములో ఏండ్లుగా నిలువయున్న 2,750 టన్నుల అమోనియం నైట్రేటు ప్రేలినది.

కావున ఆమ్లమును బ్లీచింగు ద్రవముచెంత నుంచరాదు. కంట రసాయనము పడినచో తక్షణమే పదునైదు నిమిషములు నీట కడుగవలెను. విషవాయువు సోకి పడిపోయిన మిత్రునికై తువ్వాలు కట్టుకొని లోని కురుకుట, ఎంత ప్రేమతో చేసినను, మిక్కిలి ప్రమాదకరము. తువ్వాలు వాయువు నాపదు. గాలికి ఎదురుగా, దూరముగా సాగి ఒమాను అత్యవసర సంఖ్యయైన 9999కు ఫోను చేసి, పీపాపైనున్న పేరును అక్షరమక్షరముగా చదివి వినిపింపవలెను.