కంటైనర్ యందు తెలుగు ముద్రణము: లోపించిన లాటెక్ ప్యాకేజీలు

హిందూపురము, పెనుగొండ, ధర్మవరము ప్రాంతముల శాసనములను గూర్చిన వ్యాసములను అచ్చునకు సిద్ధపరచునపుడు మాకు ఎదురైన ఒక సాంకేతిక సమస్యను, దాని పరిష్కార మార్గములను ఇచట వివరింపదలచితిమి. విషయము యంత్రమునకు సంబంధించినదే యైనను దాని ఫలము మూలపాఠముపై పడుచున్నది. కావున తెలుగు శాఖల వారు దీనిని ఉపేక్షింప వీలులేదు.

డోనాల్డ్ కనూత్ పండితుడు 1978లో టెక్ అను అక్షర సంయోజన విధానమును వెలువరించెను. దానిని సులభముగా వాడుకొనుటకై లెస్లీ లాంపోర్ట్ 1980 దశకమున కూర్చినది లాటెక్. ఒక్కొక్క పనికి ఒక్కొక్క ప్యాకేజి చొప్పున అందు వేలకొలది ప్యాకేజీలు కలవు. వాని నన్నింటిని ఒకచో జేర్చిన టెక్‌లైవ్ సంపుటి సంపూర్ణముగా నెలకొల్పినచో అనేక గిగాబైట్ల స్థలమును ఆక్రమించును. 2013లో డాకర్ వెలువడిన పిమ్మట కంటైనర్ పద్ధతి వ్యాపించినది. ఒక పనికి కావలసిన ఉపకరణములను మాత్రమే మూటగట్టి, ఏ యంత్రముపై నైనను ఆ మూటను విప్పి పని జరుపుట దీని లక్షణము. ఇది ప్రయాణపు సద్దిమూట వంటిది. ఇంట కట్టుకొననిది దారిలో దొరకదు. ఇంటి కంప్యూటరులో చక్కగా తయారైన పీడీఎఫ్ కంటైనర్‌లో తయారు కాకపోవుటకు మూలకారణ మిదియే. మూట చిన్నదిగా నుండవలెనని కట్టినవారు వేలాది ప్యాకేజీలను వెలుపల విడిచియుందురు.

ప్యాకేజి లోపించినపుడు లాటెక్ ఫలానా ఫైలు కనబడలేదని చెప్పి నిలిచిపోవును. ఆ సందేశమున నుండునది ఫైలు పేరే కాని ప్యాకేజి పేరు కాదు. ఈ భేదమును గుర్తింపక పెక్కుమంది కాలము వ్యర్థపరచుచున్నారు. టిక్‌జెడ్ అను ఫైలు పీజీఎఫ్ అను ప్యాకేజిలో నున్నది. లాంగ్‌టేబుల్ అనునది టూల్స్ అను దానిలోను, సబ్‌కాప్షన్ అనునది కాప్షన్ అను దానిలోను కలవు. మనిషి పేరు తెలిసినను ఇంటిపేరు తెలియనిదే ఇల్లు దొరకనట్లున్నది. టెక్‌లైవ్‌తో వచ్చు టీఎల్ఎమ్‌జీఆర్ అను సాధనమును సర్వత్ర వెదకుమని ఫైలు పేరిచ్చి అడిగినచో అది ప్యాకేజి పేరు చెప్పును. మరి ఆ ఫైలు ఇదివరకే మూటలో నున్నదా లేదా యనుట కేపీఎస్ఈవిచ్ అను ఆజ్ఞచే తెలియును. అది దారి చూపినచో ఫైలున్నది, మౌనము వహించినచో లేదు.

లాటెక్ ఒక్కసారికి ఒక్క లోపమునే చెప్పును. దానిని పూరింపగా రెండవది, దాని వెనుక మూడవది బయటపడును. ఇట్లు పదిసార్లు పరుగిడుటకంటె, ఇంటివద్ద సక్రమముగా పనిచేయుచున్న యంత్రమున రికార్డర్ అను ఐచ్ఛికముతో ఒకసారి వ్యాసమును నడుపుట మేలు. తెరచిన ప్రతి ఫైలు పేరును ఒక పట్టికలో చేరును. ఆ పట్టికను బట్టి మూటను కట్టవలయును.

నడుచుచున్న కంటైనర్‌లో దూరి ప్యాకేజిని చేర్చుట మరియొక పొరపాటు. ఆ కంటైనర్ తొలగింపబడగనే చేర్చినదియు పోవును. చేర్పు లన్నియు డాకర్‌ఫైల్ అను నిర్మాణ పత్రమందే వ్రాయబడవలెను. డెబియన్ పునాదిపై కట్టిన మూటలలో ఎల్‌మోడర్న్ దొరకలేదను ఫిర్యాదు బహుళముగా వినబడును. స్థలము మిగుల్చుటకై, అవశ్యములు గాక కేవలము సిఫారసు చేయబడినవానిని విడిచిపెట్టుమని ఆజ్ఞాపించుటయే దీనికి హేతువు. అట్టిచో ఎల్‌మోడర్న్‌ను పేరుపెట్టి కోరవలయును. డెబియన్ వారి టెక్‌లైవ్‌ను వాడువారు ప్యాకేజీలను డెబియన్ మార్గముననే తెచ్చుకొనుట క్షేమము. రెండు మార్గములను కలిపినచో ఏది ఎచటినుండి వచ్చినదో తెలియకుండ పోవును.

టెక్‌లైవ్ ఏటేట నూతనముగా వెలువడును. నిరుటి మూటలోని టీఎల్ఎమ్‌జీఆర్ ఈ యేటి భాండాగారమును సమీపించినపుడు, స్థానిక ప్రతి పాతదని చెప్పి నిరాకరించును. నిన్నటివరకు నడిచిన నిర్మాణము ఒక ఉదయమున అకస్మాత్తుగా ఆగిపోవుటకు తరచుగా ఇదియే కారణము. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమువారు గతించిన సంవత్సరముల తుది ప్రతులను భద్రపరచియున్నారు. పాత మూటను ఆ ప్రతి వైపునకు మరల్చినచో చిక్కు తీరును. మూట పేరున లేటెస్ట్ అని వ్రాయక సంవత్సరమును వ్రాయుట ఉత్తమము.

ఇక తెలుగునకు ప్రత్యేకమైన విషయము. తెలుగు కూర్పునకు జోనథన్ క్యూ 2004లో వెలువరించిన జీటెక్ యంత్రము గాని, హార్ఫ్‌బజ్‌తో గూడిన లువాటెక్ గాని కావలెను. వానికి తోడు ఫాంట్‌స్పెక్, పాలిగ్లోసియా ప్యాకేజీలు అవసరము. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో కన్నడ శాసనములును ఉన్నవి. కావున ఆ వ్యాసములకు తెలుగు, కన్నడ భాషాఫైళ్ళు రెండును, రెండు లిపుల ఫాంట్లును వలయును. ఒకటి యుండి రెండవది లేకపోవుట మా యనుభవమున సామాన్యము. భారతీయ భాషల పదవిభజన సూత్రములు వేరొక ప్యాకేజిగా నుండును. అవి లేనిచో పని ఆగదు. ఒక హెచ్చరిక మాత్రము వచ్చును. తరువాత మన దీర్ఘసమాసములు అంచును దాటి పుట వెలుపలికి సాగును.

ఆగిపోవు లోపముకంటె ఆగని లోపమే ప్రమాదకర మని మా అభిప్రాయము. ధర్మవరపు పట్టుమగ్గమున జాకార్డు అట్టలను వరుసగా కుట్టి వ్రేలాడదీయుదురు. అందొక అట్ట తప్పిపోయినను మగ్గము ఆగదు. నేత సాగును, బుటాలో మాత్రము ఒక వరుస తప్పును. ఫాంటులో అక్షరము లేనపుడు జరుగునదియు నిదియే. పీడీఎఫ్ తయారగును, యంత్రము విజయమును ప్రకటించును. అక్షరమున్నచోట, ఫాంటును బట్టి, చిన్న పెట్టెయో ఉత్త ఖాళీయో మిగులును. నవలలో ఇట్లు జరిగినచో పాఠకుడు అచ్చుతప్పని గ్రహించును. శాసనపాఠమున ఖాళీకి అర్థము వేరు. ఆచోట రాయి శిథిలమైనదని, అక్షరములు పోయినవని పండితులు భావింతురు. శతాబ్దముల యెండవానలకు చెక్కుచెదరని పంక్తిని ఒక ఫాంటు లోపము శిథిలము చేయగలదు. దానిని నమ్మి మరియొకరు పూరణము చేసినచో శాసనమున లేని పాఠము ప్రచారములోనికి వచ్చును.

ప్రాచీనాక్షరముల విషయమున ఈ భయ మధికము. రేనాటి చోళుల శాసనములలో కనబడు ఴకారము యూనికోడ్‌లో 2014లో గాని చేరలేదు. నకారపొల్లు చేరినది 2021లో. అంతకు ముందు నిర్మింపబడి, పిదప సవరింపబడని ఫాంట్లయందు ఈ సంకేతముల కక్షరములు ఉండజాలవు. పోతన, వేమన, లోహిత్ వంటి ఫాంట్లను డెబియన్ వారు అందించుచున్నారు. వానిని స్థాపించుటతో తృప్తి చెందక, మూలమునందలి ప్రతి అక్షరమును ఫాంటులో నున్నదో లేదో పరీక్షింపవలెను. పెనుగొండ వ్యాసమును శ్రీకృష్ణదేవరాయ ఫాంటులో అచ్చొత్తింపవలెనని ఒక మిత్రుని కోరిక. తళ్ళికోట యుద్ధానంతరము విజయనగర రాజధాని యైన పురము గనుక ఆ కోరిక రసవంతమే. కాని ఆ ఫాంటు టెక్‌లైవ్‌లో చేరినది కాదు. దానిని మనమే మూటలో పెట్టవలయును.

లాగ్ ఫైలులో మిస్సింగ్ క్యారెక్టర్ అను మాటను వెదకినచో లోపించిన అక్షరము, ఫాంటు పేరు రెండును తెలియును. ట్రేసింగ్‌లాస్ట్‌క్యార్స్ విలువను 3గా నుంచినచో నేటి టెక్‌లైవ్ ఆ లోపమును దోషముగా ప్రకటించును. దానికి హాల్ట్-ఆన్-ఎర్రర్ ఐచ్ఛికమును జోడించినచో పని అచటనే ఆగును. అయినను ఒత్తులు విడిపోవు దోషము దీనికి చిక్కదు. ఫాంట్‌స్పెక్‌నకు లిపి తెలుగని తెలుపనిచో జీటెక్ అక్షరములను కలుపదు. అక్షరము లన్నియు ఫాంటులో నున్నందున హెచ్చరికయు రాదు. దానిని కంటితో చూచియే పట్టవలెను. ప్రస్తుతము మేము ప్రతి వ్యాసమునకు ముందు ఒక పరీక్షపుటను నడుపుచున్నాము. అందు క్ష్మ, ర్థ్య, స్త్ర వంటి సంయుక్తాక్షరములు, ఱ, ఴ, అరసున్న, కొన్ని కన్నడ పంక్తులు ఉండును. ఫాంటు ఫైళ్ళను వ్యాసముతో బాటు ఒకే సంచికలో నుంచి, దారిపేరుతోనే పిలుచుచున్నాము. ఆ పరీక్షపుటను మూలప్రతితో పోల్చి సరిచూచిన పిదపనే వ్యాసము అచ్చునకు పోవును.