రేడియేషన్ చికిత్సకు ముందే లాలాజల గ్రంథుల రక్షణ

నోరు, గొంతు ప్రాంతపు క్యాన్సర్లకు రేడియేషన్ చికిత్స పొందినవారిలో అనేకులను వ్యాధి నయమైన పిదప కూడా ఒక బాధ వెన్నాడుతుంది. అది నోరు ఎండిపోవడం. ప్రతి ముద్దకూ ఒక గుక్క నీరు కావలసి వస్తుంది. నడిరాత్రి నాలుక అంగిలికి అంటుకొని మెలకువ వస్తుంది. ఆవకాయ మాట అటుంచి, చారన్నం సైతం నోటిని మండిస్తుంది. వాడుకలో ‘కరెంటు పెట్టడం’ అని పిలిచే ఈ చికిత్సలో ఆ నష్టాన్ని తగ్గించే మార్గాలు లేకపోలేదు. అయితే వాటిలో ముఖ్యమైనవి చికిత్స మొదలు కాకముందే నిర్ణయం కావలసినవి.

ఆరోగ్యవంతులకు రోజుకు సుమారు అర లీటరు నుండి ఒకటిన్నర లీటరు వరకు లాలాజలం ఊరుతుంది. భోజన సమయంలో పలుచని లాలాజలాన్ని అధికంగా ఇచ్చేవి చెవుల ముందున్న పెరోటిడ్ గ్రంథులు. తక్కిన వేళల్లో నోటిని తడిగా ఉంచేవి ప్రధానంగా దవడ కింది గ్రంథులు. ఇవి రేడియేషన్‌కు ఎంత సున్నితమైనవంటే, ఆరేడు వారాల చికిత్సలో మొదటి వారంలోనే లాలాజలం తగ్గనారంభిస్తుంది.

పాత పద్ధతిలో కిరణాలు గడ్డతో పాటు రెండు చెంపలనూ దాటి పోయేవి. ఐఎంఆర్‌టీ అనే పద్ధతిలో కిరణాల తీవ్రతను చోటును బట్టి హెచ్చించి, తగ్గించి, గ్రంథులను వీలైనంత తప్పిస్తారు. బ్రిటన్‌లో 94 మంది రోగులపై జరిగి 2011లో ప్రచురితమైన పరిశీలనలో, ఏడాది తరువాత గణనీయంగా నోరెండిపోయినవారు పాత పద్ధతిలో నూటికి 74 మంది కాగా, ఈ పద్ధతిలో 38 మంది. సాధారణంగా గడ్డకు 60 నుండి 70 గ్రేల మోతాదు అవసరమవుతుంది. పెరోటిడ్ గ్రంథులు రెంటికీ సగటున 25 గ్రేల లోపు, లేదా ఒకదానికైనా 20 గ్రేల లోపు ఉండేట్లు వైద్యులు ప్రయత్నిస్తారు. గడ్డ గ్రంథిని ఆనుకొని ఉన్నప్పుడు ఇది సాధ్యపడదు. గ్రంథిని కాపాడబోయి గడ్డను వదలరాదు కదా. “గ్రంథులను ఎంతవరకు తప్పించగలరు?” అని ప్రణాళిక సిద్ధమయ్యే దశలోనే అడగడం రోగి హక్కు.

చికిత్స నడుమ రోగి చిక్కిపోతే ముఖానికి బిగించే మాస్కు వదులవుతుంది, గ్రంథులు లోపలికి జరిగి అధిక మోతాదుకు గురి కావచ్చు. మాస్కు వదులైనట్లు తోచిన నాడే సిబ్బందికి తెలపాలి. అవసరమైతే మరల స్కాన్ తీసి ప్రణాళికను సవరిస్తారు. అమిఫోస్టిన్ అనే రక్షక ఔషధం ఉన్నప్పటికీ, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటి ఇబ్బందుల వల్ల దాని వాడకం పరిమితం. లాలాజలాన్ని పెంచే పైలోకార్పిన్ మాత్రలు ఉబ్బసం, కొన్ని రకాల నీటికాసుల వ్యాధి ఉన్నవారికి సరిపడవు.

దంతాల సంగతి వేరుగా చెప్పవలసినది. లాలాజలం తగ్గితే పళ్లు త్వరగా పుచ్చుతాయి. రేడియేషన్ సోకిన దవడలో పన్ను తీస్తే ఎముక మానకపోయే ప్రమాదం ఏళ్ల తరువాత కూడా ఉంటుంది. అందుచేత తీయవలసిన పళ్లను చికిత్సకు రెండు మూడు వారాల ముందే తీయించి, పుండు మాననివ్వాలి. అనంతపురం, చిత్తూరు ప్రాంతాల నుండి బెంగళూరు కిద్వాయి ఆసుపత్రికి వచ్చే బంధువులకు ఆశ్రయమిచ్చే కుటుంబాలు ఈ దంత పరీక్షను మొదటి పనిగా పెట్టుకోవాలి. పండుగకని నడుమ ఊరికి పోయి చికిత్స రోజులు తప్పించడమూ తగదు. విరామం వల్ల గడ్డపై పట్టు సడలుతుంది. పొగాకు, వక్క, సారాయి పూర్తిగా మానాలి. ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో రోజుకు పలుమార్లు పుక్కిలించాలి. దంతవైద్యుడు సూచించిన ఫ్లోరైడ్ జెల్‌ను చికిత్స ముగిసిన తరువాత కూడా వాడుతుండాలి.