అంగన్‌వాడీ కార్యకర్తల శిక్షణ – పసిపిల్లల ఆహారపు అలవాట్లు

ఉపోద్ఘాతం:
పసితనంలో అలవడిన రుచులు చాలావరకు పెద్దయ్యాక కూడా నిలిచి ఉంటాయి. ఆ రుచులు ఏర్పడే మొదటి చోటు ఇల్లు, రెండవది అంగన్‌వాడీ కేంద్రం. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న ప్రారంభమైంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రత చట్టం ఈ కేంద్రాల్లోని మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు 500 కిలో కేలరీల శక్తిని, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులను నిర్దేశించింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. ఇందుకు పేదరికం, అంటువ్యాధులు, తల్లి ఆరోగ్యం వంటి కారణాలు అనేకం ఉన్నాయి. వాటిలో కార్యకర్త చేతిలో ఉన్నది ఒకటి: తినిపించే తీరు.

స్పందనాత్మక పోషణ:
బిడ్డ ఆకలి సంకేతాలను గుర్తించి, బలవంతపెట్టక, మాట్లాడుతూ తినిపించడమే స్పందనాత్మక పోషణ. నల్గొండ జిల్లాలోని 60 గ్రామాల్లో జరిగిన, 2013లో ప్రచురితమైన ఒక పరిశోధన దీనిని పరీక్షించింది. శిక్షణ పొందిన గ్రామీణ మహిళలు ఇంటింటికీ వెళ్లి తల్లులకు అనుబంధాహారం గురించి బోధించగా పిల్లల ఆహారం మెరుగుపడింది. దానికి స్పందనాత్మక పోషణ, ఆట తోడైన గ్రామాల్లో పిల్లల మానసిక వికాసం కూడా మెరుగైంది. ఏమి పెట్టాలన్నది ఎంత ముఖ్యమో, ఎలా పెట్టాలన్నదీ అంతే ముఖ్యమని దీనివల్ల స్పష్టమవుతోంది.

శిక్షణలో ఉండవలసినవి:
2018లో ప్రారంభమైన పోషణ్ అభియాన్ కార్యకర్తల శిక్షణను విడతలవారీగా సాగే 21 పాఠ్యాంశాలుగా రూపొందించింది. ఈ క్రమబద్ధత మేలైనదే. అయితే ఉపన్యాసం విన్నంత మాత్రాన నైపుణ్యం అలవడదు. తోటకూర పప్పును తోసేసిన బిడ్డకు అదే కూరను మరికొన్ని రోజులు కొద్దికొద్దిగా వడ్డించడం, కార్యకర్త పిల్లలతో కూర్చుని తాను కూడా తినడం, మిఠాయిని బహుమతిగా చూపకపోవడం, ఎంత తినాలో బిడ్డకే వదలడం వంటివి భోజన సమయంలో చేసి చూపవలసిన అంశాలు. పర్యవేక్షకురాలు తప్పులెన్నే అధికారిగా కాక, పక్కన కూర్చుని నేర్పే తోడుగా ఉండాలి.

ముగింపు:
హాజరు, తూకం, దస్త్రాలు, ఫోనులో నమోదు వంటి పనులతోనే కార్యకర్త సమయం గడిచిపోతే నేర్చిన పద్ధతి విస్తరి దాకా రాదు. కనుక శిక్షణ ఫలితాన్ని పూర్తయిన పాఠాల సంఖ్యతో కాక, భోజన వేళ పిల్లల తీరులో వచ్చిన మార్పుతో అంచనా వేయడం సమంజసం.