పగలు మంద, రాత్రి చావిడి

ఆవును పూర్తిగా ఇంటనే మేపుట ఒక పద్ధతి. పోషణలో కొంత భాగమును కూలికి ఒప్పగించుట మరియొకటి. రెండవది గుంటూరు, ప్రకాశం పల్లెలు చిరకాలముగా ఎరిగినదే. ఉదయము కాపరి ఇంటింటి పశువులను మందగా తోలుకొనిపోయి, బీళ్లలో మేపి, సాయంకాలము తిరిగి తెచ్చును. పాలు పితుకుట, కుడితి పెట్టుట, రాత్రి మేత, పేడ ఎత్తుట యజమాని వంతు.

ఇది ఎంతవరకు గిట్టును? పాడి ఆవునకు రోజుకు, తేమ పోగా, తన బరువులో సుమారు 2.5 శాతము మేత కావలెను. 400 కిలోల ఒంగోలు ఆవునకు ఇది 10 కిలోలు. అందులో సగము బీటిలో దొరకినచో నెలకు 150 కిలోల ఎండుమేత మిగులును. దాని వెలకన్న కాపరి కూలి తక్కువైనంతకాలమే మంద లాభము. నడకలో ఖర్చగు శక్తిని కూడ లెక్కింపవలెను.

బీళ్లు సేద్యములోనికి వచ్చినకొలది ఈ లెక్క తారుమారగును. జొన్న గింజతోపాటు చొప్పనిచ్చును. పత్తికట్టె, మిరపకట్టె మేతకు పనికిరావు. పత్తిగింజలు బలమైన దాణాయే కాని, నెమరువేయు పొట్ట ఇంకను ఎదగని లేగదూడలకు వానిలోని గాసిపాల్ హాని చేయును. కావున పత్తి, మిరప పండించు రైతు కొంత నేలను జొన్నకో, పిల్లిపెసరకో విడిచినగాని ఆవు పోషణ చవుక కాదు.