జకాత్ సొమ్ముకు తాళంచెవి

రసీదు పుస్తకం, నగదు బీరువాలో ఉండే రోజుల్లో తాళంచెవి ఎవరి దగ్గరుందో అందరికీ తెలిసేది. ఇప్పుడు జకాత్, సదఖా, ఫిత్రా ఫోన్‌లోనే పంపేవారు చాలామంది. తాళంచెవి ఒక పాస్‌వర్డ్, లేదా నాలుగారు అంకెల పిన్. అది దొంగ చేతికి ఎలా వెళుతుందో దాతలకూ తెలియాలి.

మొదటిది ఊహించడం. నాలుగంకెల పిన్‌లు మొత్తం పదివేలు. కొన్ని తప్పులు కొట్టగానే బ్యాంకు ఆపేస్తుంది కాబట్టి దొంగ పదివేలూ ప్రయత్నించడు. 1234, పుట్టిన సంవత్సరం, మన విషయంలోనైతే 0786 ముందు చూస్తాడు. బండికి, ఫోన్‌కు 786 నంబరు కోరుకుంటాం, సంతోషమే. పిన్‌లో మాత్రం వద్దు.

అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోవడం ఇంకో చిక్కు. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయి. అందులో ఎక్కువమంది పెట్టుకున్నది 123456. అలా ఒకచోట దొరికిన ఈమెయిల్‌నూ పాస్‌వర్డ్‌నూ దొంగలు మిగతా అన్నిచోట్లా పెట్టి చూస్తారు.

వేలిముద్ర అయితే భద్రమే కదా అంటారు కొందరు. గోదావరి అవతల, పెద్దపల్లి జిల్లా ధర్మారంలో జరిగింది వినండి. అక్కడి ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటిమీద ఆధార్ నంబర్లూ, వేలిముద్రలూ ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో ఆ ముద్రలకు నకళ్లు తీసి, వాటితో వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని 2018 జూన్‌లో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. అమ్మకాల టార్గెట్ కోసం ఇంత పని! పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, బొటనవేలు మార్చుకోలేం. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది. పెన్షన్ తీసుకునే పెద్దలకు ఇంట్లో పిల్లలు అది వేసిపెట్టాలి. వేలిముద్ర వేయాల్సిన రోజు తీస్తే చాలు.

అన్నిటికంటే తేలికైన దారి, మననే అడిగి తీసుకోవడం. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసి ఓటీపీ అడుగుతారు. వాట్సాప్‌లో పెళ్లి పత్రిక పేరుతో వచ్చే ఏపీకే ఫైల్ ఇన్‌స్టాల్ చేస్తే అది మన మెసేజ్‌లు చదివి ఓటీపీ పట్టుకుపోతుంది. "మీకు డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి" అంటే అది మోసమే. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. విరాళం పంపేటప్పుడు క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక తెరమీద సొసైటీ పేరే వచ్చిందా అని చూసి, ఆ తర్వాతే పిన్ కొట్టండి.

సొసైటీ ఖాతా పాస్‌వర్డ్ కూడా అమానతే. కమిటీ మారిన రోజే అది మారాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు. సొమ్ము పోయిందని తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. డబ్బు చేతులు మారేలోపు ఫిర్యాదు అందితే బ్యాంకులు ఆపగలవు. పరువు పోతుందని తెల్లారేదాకా ఆగవద్దు.