బ్లూస్–జాజ్ గిటారు: వినే పద్ధతి

బ్లూస్, జాజ్ కలగలిసిన గిటారు వాద్య సంగీతంలో మాట ఉండదు. పల్లవీ చరణాలూ ఉండవు. సినిమా పాటకు అలవాటుపడ్డ చెవికి మొదట ఇది దారీతెన్నూ లేనట్టు తోస్తుంది. కానీ దాని లోపల గట్టి కట్టుబాటు ఉంది. అది ఒకసారి చెవికి పట్టుబడితే వినడం సులువవుతుంది.

బ్లూస్ పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికా దక్షిణాదిలో, పత్తి చేలలో చాకిరీ చేసిన నల్లజాతి జనం మధ్య పుట్టింది. దాని చట్రం పన్నెండు బార్లు. బారుకు నాలుగు దెబ్బల చొప్పున 48 దెబ్బలు ఒక ఆవర్తనం. మూడు నాలుగు స్వరాలను ఒకేసారి మోగిస్తే కార్డ్ అవుతుంది. మొదటి నాలుగు బార్లలో షడ్జమం మీద కట్టిన కార్డ్ నడుస్తుంది. అయిదో బారులో ఆధారం మధ్యమానికి మారుతుంది, ఏడో బారులో షడ్జమానికి తిరిగొస్తుంది. తొమ్మిదిలో పంచమానికి ఎక్కి, చివరి రెండు బార్లలో మళ్లీ మొదటికి చేరుతుంది. ఈ మలుపులు వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

ఇక స్వరాలు. బ్లూస్ ఎక్కువగా వాడేవి షడ్జమం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం. శుద్ధ ధన్యాసి రాగం స్వరాలూ ఇవే. అయినా రెండూ ఒకేలా వినిపించవు. శుద్ధ ధన్యాసి కింద తంబురా షడ్జ పంచమాలు మోగుతుంటాయి. బ్లూస్ కింద మోగే కార్డ్‌లో అంతర గాంధారం ఉంటుంది. గిటారు వాయించేవారు సాధారణ గాంధారం మీద మీటి, తీగను పక్కకు లాగి, అంతర గాంధారం ఇంకా అందకముందే ఆపేస్తారు. రెండు గాంధారాల మధ్య ఆ ఒరిపిడిలోనే బ్లూస్‌లోని బాధంతా ఉంది. వీణ మెట్టు మీద తీగ లాగి పలికించే గమకం తెలిసినవారికి ఇది పరాయి విద్య అనిపించదు.  క్షేత్రయ్య పదాలను విలంబంలో, స్వరాన్ని నిలిపి నిలిపి పాడతారు. బ్లూస్ గిటారు కోరేదీ ఆ ఓపికే.

జాజ్ ఈ చట్రంలోకి మరిన్ని కార్డ్‌లు తెచ్చింది, లయకు ఊగే నడక నేర్పింది. అన్నిటికంటే ముఖ్యం మనోధర్మం. ముందు అసలు బాణీ వాయిస్తారు, అదే ఆవర్తనం మీద ఒకరి తర్వాత ఒకరు అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు, చివర బాణీకి తిరిగొస్తారు. కృతి మధ్యలో కల్పనస్వరం వేసి పల్లవి అందుకోవడం తెలిసినవారికి ఈ వరస వివరించనక్కర్లేదు.

1930ల దాకా బ్యాండ్‌లోని ట్రంపెట్ల మోతలో గిటారు గొంతు వినపడేదే కాదు. గిబ్సన్ కంపెనీ 1936లో ఈఎస్-150 అనే విద్యుత్ గిటారు తెచ్చింది. దాన్ని పట్టుకుని చార్లీ క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరి, గిటారును శాక్సఫోన్‌కు సాటిగా నిలబెట్టాడు. 1942లో క్షయతో పోయేనాటికి అతనికి పాతికేళ్లే. విద్యుత్తు ఇచ్చింది బిగ్గరతనం మాత్రమే కాదు. మీటిన వెంటనే ఆరిపోయే స్వరం ఇప్పుడు నిలిచింది. నిలిచిన స్వరాన్నే లాగి వంచడానికి వీలయింది.

బ్లూస్, జాజ్ రెండూ అతుకు కనపడకుండా కలిసిన రికార్డు గిటారిస్టు కెన్నీ బరెల్ ‘మిడ్‌నైట్ బ్లూ’. 1963 జనవరిలో రికార్డు చేశారు. అందులో పియానో లేదు. ఆ ఖాళీయే దాని అందం. బరెల్ చిన్న పలుకు పలికి ఆగుతాడు. ఆ విరామంలో రే బరెట్టో కాంగా డప్పులు వినిపిస్తాయి, స్టాన్లీ టరెంటైన్ శాక్సఫోన్ జవాబు చెబుతుంది. వేగం చూపించాలన్న ఆత్రం ఎక్కడా లేదు. మరో గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ దారి వేరు. మీటడానికి అతను వాడింది బొటనవేలు. కల్పన మొదలుపెడితే ముందు విడి స్వరాలు, తర్వాత ఒకే స్వరం రెండు స్థాయిల్లో జంటగా, ఆపైన నిండు కార్డ్‌లు, ఇలా మెట్టుమెట్టుగా పెంచుకుంటూ పోతాడు. 1960 నాటి ‘వెస్ట్ కోస్ట్ బ్లూస్’ మూడు దెబ్బల నడకలో సాగుతుంది. బ్లూస్ చట్రాన్ని జాజ్ కార్డ్‌లు ఎంత మార్చగలవో అందులో స్పష్టంగా తెలుస్తుంది.

ఈ సంగీతపు సరిహద్దు దాకా వెళ్లిన తెలుగువాడు మాండలిన్ శ్రీనివాస్. ఆయన పుట్టింది పాలకొల్లులో. 1969లో పుట్టిన శ్రీనివాస్‌కు పాశ్చాత్య సంగీతం రుచి చూపింది వాసూరావు అనే గిటారిస్టు. కర్ణాటక సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజుకు మాండలిన్ రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని వాయించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేశాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. మామూలు మాండలిన్‌లోని నాలుగు జతల తీగల మీద గమకం కుదరదు. అందుకని అయిదు విడి తీగల విద్యుత్ మాండలిన్‌ను ఎంచుకున్నాడు. గిటారుకు విద్యుత్తు చేసిన మేలే మాండలిన్‌కూ జరిగింది.

తర్వాత ‘రిమెంబర్ శక్తి’ బృందంలో శ్రీనివాస్ పక్కన కూర్చున్నది జాన్ మెక్‌లాఫ్లిన్. ఇంగ్లండులో బ్లూస్ రికార్డులు వింటూ పెరిగి, మైల్స్ డేవిస్ దగ్గర జాజ్ వాయించి, ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చిన గిటారిస్టు ఆయన. 1970ల నాటి ‘శక్తి’ బృందం కోసం మెట్ల మధ్య చెక్కను వీణను పోలేలా లోతుగా తొలిపించి గిటారు చేయించుకున్నాడు, తీగ బాగా లాగడానికి.

కొత్తగా వినేవారు ‘మిడ్‌నైట్ బ్లూ’లోని మొదటి పాటతో మొదలుపెట్టడం మంచిది. మొదటిసారి పన్నెండు బార్లు లెక్కపెట్టండి. రెండోసారి లెక్క వదిలేసి, తీగ లాగిన చోట్లు మాత్రమే పట్టించుకోండి. ఆ తర్వాత 2000లో వచ్చిన ‘ది బిలీవర్’లో శ్రీనివాస్, మెక్‌లాఫ్లిన్‌ల సంభాషణ వినండి.