పగడాల కోటకు ముళ్ల కావలి

వెస్టిండీస్ క్రికెట్ జట్టు పేరు మీరంతా వినే ఉంటారు. ఆ జట్టుకు ఆటగాళ్లనిచ్చిన దీవుల్లో జమైకా ఒకటి. దాని చుట్టూ కరీబియన్ సముద్రంలో, లోతు తక్కువగా ఉన్నచోట పగడపు దిబ్బలున్నాయి. చూస్తే ఎవరో సున్నపురాయితో కోట కట్టారా అనిపిస్తుంది.

ఆ కోటను కట్టినవి వెన్నెముక లేని చిన్న జంతువులు. వీటిని పాలిప్‌లంటారు. చాలా రకాల్లో ఒక్కొక్క పాలిప్ పొడవు కొన్ని మిల్లీమీటర్లే. సంచి వంటి మెత్తని శరీరం, పైన నోరు, నోటి చుట్టూ స్పర్శకాలు. ఇంతే దాని స్వరూపం. మీరు పాఠంలో చదివిన హైడ్రాకు ఇది దూరపు చుట్టం. రెండూ నిడేరియా వర్గానివే. పాలిప్ తన అడుగున సున్నపు గూడు కట్టుకుంటుంది. దాని కణాలలో ఏకకణ శైవలాలు కాపురముండి, సూర్యకాంతితో ఆహారం తయారుచేసి దానికి పెడతాయి. అందుకే ఈ దిబ్బలు వెలుతురు బాగా సోకే లోతులోనే పెరుగుతాయి.

కోట లేచాక అద్దెకు దిగేవారికి కొదవా? స్పంజికలు నీటిని వడగట్టి ఆహారం తీసుకుంటాయి. వానపాము బంధువైన క్రిస్మస్ చెట్టు పురుగు పగడంలోనే గొట్టం కట్టుకొని, రంగురంగుల ఈకల్లాంటి అవయవాలు బయటికి చాస్తుంది. ఒక రకం రొయ్య చేపల ఒంటిమీది పరాన్నజీవులను ఏరి తింటుంది. నత్తలు, ఆక్టోపస్‌లు మొలస్కా వర్గపు కాపురస్థులు.

ఇక నల్లని పొడవాటి ముళ్లున్న సీ అర్చిన్ సంగతి. ఇది సముద్ర నక్షత్రంతో పాటు ఎకైనోడర్మేటా వర్గానికి చెందినది. పగలు పగుళ్లలో దాక్కుంటుంది. రాత్రి బయటికి వచ్చి, ఐదు పళ్లతో రాళ్లమీది నాచును గీకి తింటుంది.

ఈ పని అంత ముఖ్యమా? దీనికి జవాబు 1983లో దొరికింది. ఆ ఏడాది పనామా తీరంలో ఈ సీ అర్చిన్‌లు ముళ్లు రాలి చావడం మొదలైంది. ఏడాది పైచిలుకు కాలంలో ఆ జాడ్యం కరీబియన్ అంతటా పాకింది. నూటికి 90కి పైగా నశించాయి. జమైకాలో నాచు తినే చేపలను మనుషులు అప్పటికే విపరీతంగా పట్టేశారు. 1980లో వచ్చిన పెనుతుఫాను చాలా పగడాలను విరగగొట్టింది. తెగుళ్లు కూడా తోడయ్యాయి. నాచును తినేవారు లేక అది దట్టంగా పెరిగి పగడాలను కప్పేసింది. కొత్త పగడపు డింభకాలకు అంటుకునే చోటు లేకపోయింది. 1970లలో దిబ్బల మీద సగానికి పైగా ఉన్న సజీవ పగడం, 1990ల తొలినాళ్లకు నూటికి 5 వంతులకన్న తగ్గింది.

2022లో సీ అర్చిన్‌లు మళ్లీ పెద్ద ఎత్తున చనిపోయాయి. దానికి కారణం పారమీషియం వంటి ఒక శైలికా జీవి అని శాస్త్రజ్ఞులు 2023లో తేల్చారు.

చేపలు తగ్గినా సీ అర్చిన్ ఉన్నంతకాలం నాచు అదుపులోనే ఉంది. అదీ పోయాక ఆ పని చేసేవారు కరువయ్యారు. ఒకే పనికి ఇద్దరు ముగ్గురుంటే ఒకరు పోయినా ఇల్లు నిలుస్తుంది. జీవవైవిధ్యం అవసరం ఇక్కడే తెలుస్తుంది.

ఈసారి మీ ఊరి చెరువు గట్టుకు వెళ్లినప్పుడు నత్తలను, పీతలను, పురుగులను గమనించండి. ఏది ఏ పని చేస్తున్నదో నోటుపుస్తకంలో రాసుకోండి.